ఇస్లాము మతవాఙ్మయమున స్త్రీ ప్రామాణ్యము: వ్యాఖ్యాన పద్ధతుల విమర్శ

మతగ్రంథమునకు అర్థము నిర్ణయించు అధికార మెవరిది యను ప్రశ్న అన్ని సంప్రదాయములందును కలదు. ఇస్లాములో స్త్రీవాదమును గూర్చిన చర్చలు తరచుగా సంఘసంస్కరణ దృష్టితోనే సాగుచున్నవి. కాని ఆ వాదమునకు ప్రాణభూతమైనది వ్యాఖ్యాన సమస్య. కావున ఫాతిమా మెర్నీసీ, ఆమినా వదూద్ అను ఇరువురు విదుషీమణుల పద్ధతులను వ్యాఖ్యానశాస్త్ర దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మెర్నీసీ (1940-2015) మొరాకో దేశీయురాలు. ఆమె ఫ్రెంచి భాషలో రచించిన 'లె హారెం పొలితీక్' 1987లో వెలువడినది. స్త్రీకి అధికార మొసగిన జాతి వృద్ధి పొందదను భావము గల హదీసు బుఖారీ సంకలనమున కలదు. పారసీకులు తమ చక్రవర్తి కుమార్తెను సింహాసన మెక్కించిన వార్త విని ప్రవక్త ఇట్లనెనని చెప్పినవాడు అబూ బక్ర. ఇతడు ప్రథమ ఖలీఫాయైన అబూ బక్ర్ కాడు. ప్రవక్తపత్ని ఆయిషా ఒక పక్షమునకు నాయకురాలుగా నిలిచి 656లో ఒంటె యుద్ధమున ఓడిన సందర్భమున ఇతడీ మాటను స్మరించెను. ఇన్నేండ్ల తరువాత, ఆ సమయముననే ఇది ఏల జ్ఞప్తికి వచ్చినదని మెర్నీసీ ప్రశ్న. ఖలీఫా ఉమర్ కాలమున వ్యభిచారాభియోగమును నిరూపింపజాలక ఇతడు కొరడా దెబ్బలు తినెననియు, అట్టివాని సాక్ష్యము గ్రాహ్యము కాదనియు ఆమె వాదించినది.

పరంపర నిర్మించుకొన్న పరీక్షాసాధనమునే పరంపరపై ప్రయోగించుట ఈ పద్ధతిలోని గుణము. అయినను సున్నీ హదీసుశాస్త్రము ప్రవక్త సహచరులందరును విశ్వసనీయులే యను సూత్రము నంగీకరించినది. గుణదోష పరీక్ష వారి తరువాతి తరముతో ప్రారంభమగును. ఈ సూత్రమును నేరుగా ఖండింపనిదే మెర్నీసీ వాదము సంప్రదాయజ్ఞుని ఒప్పింపజాలదు. మరియు, చెప్పిన సందర్భము అనుమానాస్పదమైనంత మాత్రమున చెప్పినది కల్పితమని సిద్ధింపదు.

వదూద్ మార్గము వేరు. 1952లో అమెరికాలో జన్మించి, 1972లో ఇస్లామును స్వీకరించిన ఆమె 'ఖురాను-స్త్రీ' యను గ్రంథమును 1992లో ప్రకటించినది. హదీసులను చాలవరకు ప్రక్కన నుంచి, ఖురానును అఖండముగా చదువుట ఆమె పద్ధతి. నాలుగవ అధ్యాయపు మొదటి వాక్యమున మానవు లెల్లరును ఒకే 'నఫ్స్' నుండి సృష్టింపబడిరని యున్నది. ఆ పదము వ్యాకరణరీత్యా స్త్రీలింగము. జంటను సూచించు 'జౌజ్' పుంలింగము. కావున పురుషుడు ముందు, స్త్రీ వెనుక యను క్రమమునకు ఇచట ఆధారము లేదని ఆమె నిరూపించినది. వ్యాకరణలింగమునుండి తత్త్వమును ఊహింపరాదను ఈ వాదము తెలుగు పాఠకునకు సులభగ్రాహ్యము. మన భాషలో స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తువలె 'వచ్చినది' యనియు, బహువచనమున మహత్తువలె 'వచ్చినారు' అనియు క్రియతో అన్వయించును. దీనినిబట్టి తెలుగువారు ఒంటరి స్త్రీని వస్తువుగా భావించిరని ఎవరును అనరు.

ఈ పద్ధతికి కఠిన పరీక్ష అదే అధ్యాయములోని 34వ వాక్యము. భర్త భార్యను దండించుటకు అనుమతిగా పూర్వవ్యాఖ్యాతలు గ్రహించిన 'దరబ' ధాతువునకు అర్థాంతరములు కలవని వదూద్ మొదట చూపినది. 2006లో ప్రకటించిన రెండవ గ్రంథమున ఆ వాక్యపు వాచ్యార్థమునకు తాను 'కాదు' అని చెప్పక తప్పదని ప్రకటించినది. ఇది నిజాయితీ గల మాట. కాని అచట వ్యాఖ్యాత మూలమును వదలి, న్యాయమును గూర్చిన తన అంతరంగ నిశ్చయమును ప్రమాణముగా గ్రహించినది. సమానత్వము ఖురాను ఉద్దేశమే యని పాఠమునుండి నిశ్చయముగా నిరూపింపగలమా యని ఆయిషా హిదాయతుల్లా 2014లో లేవనెత్తిన సంశయము ఇచటనే తగులుచున్నది.

హదీసులను ప్రక్కన నుంచుటవలన మరియొక నష్టము కలదు. స్త్రీల ప్రామాణ్యమును సంప్రదాయము నిస్సంకోచముగా అంగీకరించిన రంగము హదీసు ప్రవచనమే. 11వ శతాబ్దమున మర్వు నగరీయురాలైన కరీమా మక్కాలో బుఖారీ సంకలనమును బోధించినది. అల్ ఖతీబ్ అల్ బగ్దాదీ వంటి పండితుడు ఆమె వద్ద దానిని విన్నాడు. అయితే ఈ ప్రామాణ్యము ప్రధానముగా పాఠమును తప్పులేక అందించుటకు సంబంధించినది. తీర్పు చెప్పు అధికారము దానివలన రాలేదు. అస్మా సయీద్ 2013 నాటి పరిశోధన ఈ భేదమును స్పష్టపరచినది.

ఈ రెండధికారములును ఒక్కచోట కలిసినది ఆయిషాయందు. సహచరుల మాటలపై ఆమె చేసిన సవరణలను 14వ శతాబ్దమున జర్కషీ ప్రత్యేక గ్రంథముగా కూర్చెను. బంధువులు ఏడ్చిన మృతునకు శిక్ష కలుగునను మాటను, ఒకరి భారమును మరియొకరు మోయరను ఖురాను వాక్యముతో ఆమె త్రోసిపుచ్చినది. స్త్రీ ఎదుట నడచిన నమాజు భంగమగునను మాటను తన ప్రత్యక్షానుభవముతో ఖండించినది. మెర్నీసీ ఈ నిదర్శనముల విలువను గుర్తించినది. ఆయిషా హదీసును ఖురానుతో తూచినది. వదూద్ ఖురాను వాక్యమునే న్యాయముతో తూచినది. ఈ రెంటికిని గల అంతరమును స్త్రీవాద వ్యాఖ్యానము ఇంకను పూడ్చవలసియున్నది.

2005 మార్చి 18న న్యూయార్కులో వదూద్ స్త్రీపురుషులకు కలిపి శుక్రవారపు నమాజును నడిపినది. ప్రవక్త ఉమ్మ్ వరఖాను తన ఇంటివారికి నమాజు నడుపుమనెనను అబూ దావూదు హదీసు ఈ చర్చలో ప్రధానాధారమైనది. ఆ అనుమతి ఆమె ఇంటివరకే పరిమితమని ప్రతిపక్షులనిరి. మసీదులు స్థలమీయనందున ఆ ప్రార్థన క్రైస్తవ ఆలయ ప్రాంగణమునందలి భవనములో జరిగినది. దీనినిబట్టి వ్యాఖ్యాతకు ప్రామాణ్యము తర్కబలమువలననే సిద్ధింపదనియు, వినుటకు సమ్మతించు సమాజము కూడ ఉండవలెననియు తెలియుచున్నది. కరీమాకు అట్టి సమాజము లభించినది. వదూద్ వ్యాఖ్యానమున ఎంత వ్యాకరణబలమున్నను, ఆమెకది మసీదులోపల ఇంకను పూర్తిగా లభింపలేదు. కావున పరిశోధకులు ఈ గ్రంథములందలి వాదములను పరీక్షించుటతో తృప్తి పడక, అవి ఏ పాఠశాలలో, ఏ సభలో అంగీకృతములగుచున్నవో కూడ పరిశీలింపవలసియున్నది.