‘పదేళ్ల గవాక్షం’: ఒక ఉపమానంపై విమర్శ

రుతువిరతి, అంటే మెనోపాజ్ తరువాత ఇచ్చే హార్మోన్ చికిత్స గురించి చదివేటప్పుడు ‘అవకాశ గవాక్షం’ అనే మాట విద్యార్థులకు తరచుగా ఎదురవుతుంది. చివరి రుతుస్రావం నుంచి పదేళ్లలోపు చికిత్స మొదలుపెడితే రక్తనాళాలకు మేలనీ, ఆ తరువాత కీడనీ దీని భావం. రుతువిరతిని గతిక వ్యవస్థలలోని అసాధారణ బిందువుతో, అంటే సింగులారిటీతో పోల్చడం కూడా అక్కడక్కడా కనిపిస్తుంది. మొదటి పోలిక సగం నిజం. రెండవది నిజం కాదని నా అభిప్రాయం.

ముందు గణితం సంగతి చూద్దాం. ఒక రాశి మారే రేటు ఆ రాశి వర్గానికి సమానం అనే అవకలన సమీకరణాన్ని తీసుకోండి. తొలి విలువ 1 అయితే, కాలం 1ని సమీపించేకొద్దీ సాధన అనంతానికి పోతుంది. ఆ క్షణం తరువాత ఏమవుతుందో ఆ సాధన చెప్పలేదు. సింగులారిటీకి ఇది సరళమైన ఉదాహరణ. శరీరంలో ఇలాంటిదేమీ జరగదు. ఈస్ట్రోజన్ స్థాయి చివరి రుతుస్రావానికి దాదాపు రెండేళ్ల ముందు తగ్గడం మొదలై, ఆ తరువాత మరో రెండేళ్లకు స్థిరపడుతుంది. అది వాలే గాని అగాధం కాదు. అయితే అమెరికాలోని స్వాన్ అధ్యయనంలో ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ మాత్రం చివరి రుతుస్రావానికి అటూఇటూ ఏడాది వ్యవధిలో వేగంగా పెరిగింది. రక్తపోటులో అటువంటి మలుపు లేదు. అది వయసుతోపాటే పెరిగింది. ఒకే శరీరంలో ఒక వక్రరేఖ వంగుతుంది, ఇంకొకటి వంగదు.

ఇక గవాక్షం మాట. 1985లో ఒకే వైద్య పత్రిక ఒకే సంచికలో రెండు అధ్యయనాలను ప్రచురించింది. హార్మోన్లు వాడినవారిలో గుండెజబ్బు తక్కువని నర్సుల ఆరోగ్య అధ్యయనం చెప్పింది. హృద్రోగాలు ఎక్కువని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం చెప్పింది. వైద్యలోకం చాలాకాలం మొదటిదాన్నే నమ్మింది. మందు వాడిన స్త్రీలు మొదటినుంచీ ఆరోగ్యవంతులై, వైద్యం అందుబాటులో ఉన్నవారై ఉండవచ్చునన్న అనుమానానికి తగిన బరువు ఇవ్వలేదు. 1998లో హెర్స్ ప్రయోగం, అప్పటికే గుండెజబ్బు ఉన్న 2,763 మంది స్త్రీలలో, మొత్తం మీద ఏ మేలూ చూపలేదు. పైగా మొదటి ఏడాదిలో గుండె సంఘటనలు పెరిగాయి. 2002లో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్, 16,608 మందితో నడుస్తున్న ఈస్ట్రోజన్–ప్రొజెస్టిన్ ప్రయోగాన్ని గడువుకు ముందే ఆపివేసింది.

ఆ ఫలితాన్ని ఎలా చదవాలన్నది ముఖ్యం. గుండెజబ్బు ముప్పు 29 శాతం పెరిగిందన్నది ఒక లెక్క. పదివేల మందిలో ఏడాదికి 30 మందికి బదులు 37 మందికి వచ్చిందన్నది అదే ఫలితానికి ఇంకొక లెక్క. మొదటిదాన్ని మాత్రమే విన్నవారు భయపడకుండా ఎలా ఉంటారు? పాల్గొన్నవారి సగటు వయసు 63 అన్న సంగతి కూడా అప్పట్లో మరుగున పడింది.

2007లో ఆ ప్రయోగపు రెండు భాగాలనూ కలిపి, రుతువిరతి నుంచి గడిచిన కాలం ప్రకారం విడదీసి చూశారు. పదేళ్లలోపువారిలో గుండెజబ్బు ముప్పు నిష్పత్తి 0.76, పది నుంచి పంతొమ్మిదేళ్లవారిలో 1.10, ఇరవై దాటినవారిలో 1.28. గవాక్షం మాటకు బలం ఇక్కడే వచ్చింది. కాని మొదటి అంకె విశ్వాస అంతరం 0.50 నుంచి 1.16 వరకు ఉంది. అంటే అందులో 1 కూడా ఉంది. కనుక మేలు రుజువైందని చెప్పలేం, కీడు క్రమంగా పెరిగే ధోరణి ఉందని మాత్రమే చెప్పగలం. పైగా పక్షవాతం ముప్పు 1.32, అది ఈ వర్గాల మధ్య గుర్తించదగినంతగా మారలేదు. అంటే మెదడు రక్తనాళాలకు ఆ గవాక్షం కనిపించలేదన్నమాట.

పదేళ్ల గీత పరిశోధకుల పట్టికలో ఉన్నది, ధమనిలో ఉన్నది కాదు. మేలు కీడుగా మారడానికి సింగులారిటీ అక్కరలేదు. మామూలు సరళరేఖ కూడా అక్షాన్ని దాటుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాళపు లోపొరలో ఈస్ట్రోజన్ నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచి నాళాన్ని సడలిస్తుంది. కొవ్వు పేరుకుని గట్టిపడిన నాళంలో ఆ గుణం తగ్గుతుంది. నోటి మాత్రలకు రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచే గుణం మాత్రం మిగిలే ఉంటుంది. నాళం పాడయ్యే వేగం స్త్రీ స్త్రీకీ మారుతుంది. పొగతాగే, మధుమేహం ఉన్న 52 ఏళ్ల స్త్రీని గవాక్షం లోపల, ఏ రోగమూ లేని 62 ఏళ్ల స్త్రీని బయట నిలబెట్టే నియమాన్ని వైద్యుడు యాంత్రికంగా పాటిస్తే నష్టపోయేది ఆ స్త్రీలే. వేడి ఆవిర్లు తగ్గించడంలో ఈ చికిత్స ప్రయోజనం వేరే విషయం. అక్కడ సందేహం లేదు.

తరువాతి ప్రయోగాలూ ఏకమాటగా లేవు. 2016లో వెలువడిన ఎలైట్ ప్రయోగంలో ఆరేళ్లలోపువారికి మెడ ధమని గోడ మందమయ్యే వేగం తగ్గింది. పదేళ్లు దాటినవారిలో తేడా లేదు. కీడు కూడా కనిపించలేదు. మూడేళ్లలోపు స్త్రీలనే తీసుకున్న కీప్స్ ప్రయోగంలో నాలుగేళ్లకు కూడా గోడ మందంలో తేడా రాలేదు. ఈ రెండూ కొలిచింది గోడ మందాన్నే, గుండెపోట్లను కాదు.