ఋణమునకు ముఖము

సూరతు నగరపు పాత ప్రాకారమునకు కతర్‌గామ్ పేర ఒక ద్వారముండెడిది. ఆ నగరమున 17వ శతాబ్దిలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు వీర్జీ వోరా వంటి షాహుకార్ల యొద్ద అప్పులు చేసిరి. ఆ అప్పునకు ముఖము కలదు: ఇచ్చువాడు పుచ్చుకొనువానిని ఎరుగును, మాట తప్పినవానికి అంగడిలో పరపతి యుండదు. ప్రభుత్వ ఋణము అట్టిది కాదు. అప్పు చేయువాడొకడు, వెచ్చించువాడొకడు, తీర్చువాడు వేరొకడు. కంటికందని యీ సంబంధమును కంటియెదుట నిలుపుటయే వ్యంగ్యచిత్రకారుని పని.

జేమ్స్ గిల్రే 1786లో ఇంగ్లాండున ప్రకటించిన ‘జాతీయ ఋణము తీర్చుటకు క్రొత్త ఉపాయము’ అను చిత్రమున మూడవ జార్జి రాజును, రాణియు నిండారు నాణెములతో ఖజానానుండి వెడలివచ్చుచుందురు. ప్రధానమంత్రి పిట్ మరియొక సంచి నందించుచుండును. ప్రక్కన కాలుసేతులు లేని మాజీ యోధుడొకడు భిక్షకై కూర్చుండియుండును. అమెరికా యుద్ధానంతరము ఇంగ్లాండు ఋణము 24 కోట్ల పౌనుల ప్రాంతమున నుండెను. అందు అధికభాగము యుద్ధములవలన పేరుకొన్నదే. రాజకుటుంబపు వ్యయము దానియెదుట స్వల్పము. అర్థశాస్త్రదృష్టితో చూచిన, చిత్రము నేరమును తప్పుచోట మోపుచున్నది. కాని ఆ వికలాంగుడు చిత్రమును రక్షించుచున్నాడు. యుద్ధమునకైన వ్యయము అతని దేహముననే లిఖింపబడియున్నది.

1797 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు నోట్లకు బంగారమిచ్చుట మానినది. ఆ యేడే గిల్రే పిట్‌ను మైడాసుగా చిత్రించెను: కడుపునిండ నాణెములు, నోటినుండి కాగితపు నోట్లు. గ్రీకు పురాణపు రాజు ముట్టినదెల్ల బంగారమాయెను. ఈతని స్పర్శకు సమస్తమును కాగితమగుచున్నది. ఇచ్చట పరిహాసము వ్యక్తిని దాటి విధానమును తాకినది. విమర్శగా ఇదియే మేలైనది.

1844లో ఉప్పుపన్ను మణుగుకు అర్ధరూపాయినుండి రూపాయికి పెరుగగా సూరతు ప్రజలు వీధులకెక్కిరి. బొంబాయిలో ‘పార్సీ పంచ్’ 1854లోగాని పుట్టలేదు. చిత్రముకంటె ముందు జనసమూహమే మాటాడినది. పిమ్మట 1858 చట్టము కంపెనీ ఋణములను భారతదేశపు రాబడిపై మోపెను. అప్పు చేసినవాడు తెరమరుగాయెను; తీర్చువాడు మిగిలెను. 1878లో లైసెన్సు పన్నుపై సూరతులో మరల అల్లరి చెలరేగినది.

వ్యంగ్యచిత్రము లెక్క చెప్పదు, లెక్క అడుగును. దోషిని చూపి తృప్తిపడిన చిత్రము నవ్వుతో ముగియును. తీర్చువానిని చూపిన చిత్రము నవ్విన పిమ్మటను మనస్సును వదలదు.