పట్టిక చెప్పని షరతులు

టెక్కలిలో పనిచేసే ఒక ఉపాధ్యాయ మిత్రులు ఈ మధ్య నా ముందు ఒక కాగితం పెట్టారు. కుటుంబమంతా ఎక్కగల రెండు రకాల కార్లను పోల్చిన పట్టిక అది. ఒక నిలువు వరుసలో ‘ప్లగ్-ఇన్ హైబ్రిడ్’, రెండవదానిలో ‘పూర్తి విద్యుత్ కారు’. “మాస్టారూ, ఏది కొనమంటారు?” అని అడిగారు. వారి ఇల్లు ఉద్దానంలో ఉన్నది. తల్లిగారికి మూత్రపిండాల జబ్బు. వారానికి మూడుమార్లు డయాలిసిస్ కోసం ఆమెను పలాస తీసుకొని పోవలెను. కాబట్టి ఇది సరదాకు అడిగిన ప్రశ్న కాదు.

పట్టికను శ్రద్ధగా చదివాను. అందులోని అంకెలు అబద్ధాలని అనలేను. కాని ప్రతి అంకె వెనుక ఒక షరతు ఉన్నది. ఆ షరతులనే పట్టిక వదలివేసింది. దానిపై నా విమర్శ అంతా ఇంతే.

ముందుగా ఈ బండ్లేమిటో చూద్దాం. విద్యుత్ కారులో ఇంజను ఉండదు; బ్యాటరీ, మోటారు మాత్రమే ఉంటాయి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో పెట్రోలు ఇంజను, మోటారు రెండూ ఉంటాయి. ఇంట్లో ప్లగ్గుకు తగిలించి దాని బ్యాటరీ నింపుకోవచ్చు. అది ఖర్చయ్యేవరకు విద్యుత్తుతో, ఆపైన పెట్రోలుతో నడుస్తుంది. ఇవిగాక మూడవ రకం ఒకటి ఉన్నది. దానికి ప్లగ్గే ఉండదు. దాని విద్యుత్తంతా పెట్రోలునుంచీ, బ్రేకు వేసినపుడు తిరిగి రాబట్టిన శక్తినుంచీ వచ్చేదే. 2022లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ ఈ మూడవ రకానికి చెందినది. మన ఊళ్లలో ‘హైబ్రిడ్’ అన్నపుడు సాధారణంగా దీనినే ఉద్దేశిస్తారు. ప్లగ్-ఇన్ రకం మాటకు వస్తే, 2022 డిసెంబరులో మన దేశంలో విడుదలైన బి.ఎం.డబ్ల్యు. ఎక్స్‌ఎం ధర 2 కోట్ల 60 లక్షల రూపాయలు! విదేశీ బజారును చూచి వ్రాసిన పట్టికను పలాస పాఠకుని చేతికి ఇవ్వడం మొదటి లోపం.

రెండవ లోపం ఇంధనపు లెక్క. ప్లగ్-ఇన్ కారు బహు తక్కువ పెట్రోలు త్రాగుతుందని పట్టిక అంటున్నది. యజమాని తరచుగా ప్లగ్గు పెడతాడనీ, ఎక్కువ దూరం విద్యుత్తుతోనే పోతాడనీ ఊహించి వేసిన లెక్క అది. ఐరోపా కమిషన్ 2021 నాటి కార్లలో అమర్చిన మీటర్ల లెక్కలు సేకరించి 2024లో ప్రకటించింది. ప్లగ్-ఇన్ కార్లు నిజంగా విడిచిన కార్బన్ డయాక్సైడ్, ప్రయోగశాల అంకెకు సగటున మూడున్నర రెట్లున్నది. అనుకున్నన్నిసార్లు ప్లగ్గు పెట్టకపోవడమే ముఖ్య కారణం. ప్లగ్గు పెట్టని ప్లగ్-ఇన్ కారు, బరువైన బ్యాటరీని ఊరికే మోసే పెట్రోలు కారే.

మూడవది విద్యుత్ కారు దూరం. ఇక్కడ ఉదాహరణ మన రాష్ట్రంలోనే దొరుకుతుంది. పెనుకొండ దగ్గరి కర్మాగారంనుంచి కియా సంస్థ 2025లో తెచ్చిన కారెన్స్ క్లావిస్ విద్యుత్ కారులో ఏడుగురు కూర్చోవచ్చు. పెద్ద బ్యాటరీలో 51.4 యూనిట్లు పడతాయి. ప్రకటిత దూరం 490 కిలోమీటర్లు. అంటే 100 కిలోమీటర్లకు పదిన్నర యూనిట్లు. కాని మన దేశపు పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు మాత్రమే, సగటు అందులో సగం కూడా లేదు, ఏ.సి. వేయరు. గాలి నిరోధబలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం 60 నుంచి 90కి పెరిగితే ఆ బలం రెండుంబావు రెట్లవుతుంది. జాతీయ రహదారిపై నిండు బండితో, ఏ.సి. వేసుకొని పోతే 100 కిలోమీటర్లకు 16 యూనిట్లనుకుందాం. అపుడు వచ్చే దూరం సుమారు 320 కిలోమీటర్లు. పలాసనుంచి విశాఖపట్నం పోయి రావడానికి దాదాపు 370 కిలోమీటర్లు కావలెను. పట్టికను నమ్మినవాడు తిరుగు ప్రయాణంలో దారిలో ఆగిపోతాడు. షరతు తెలిసినవాడు విశాఖలోనే కొంత చార్జి చేసుకొని బయలుదేరుతాడు.

నాలుగవది, ‘కాలుష్యం: శూన్యం’ అన్న వరుస. కారు వెనుక పొగ లేనిమాట నిజమే. కాని మన దేశపు విద్యుత్తులో అధికభాగం బొగ్గునుంచే వస్తున్నది. యూనిట్‌కు సుమారు 0.7 కిలోగ్రాముల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. చార్జింగులో పోయేది కలిపి 18 యూనిట్లకు 12.6 కిలోగ్రాములు. లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే మామూలు హైబ్రిడ్ 5 లీటర్లకు విడిచేది సుమారు 11.5; ఇందులో పెట్రోలు శుద్ధికయ్యేది కలపలేదు. ఇంచుమించు సమానమే! ఇంటిపై సౌరఫలకాలతో చార్జి చేసుకుంటేనే పెద్ద తేడా వస్తుంది.

ఇక పట్టికలో అసలే లేని వరుస తుఫాను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడితోటలతోపాటు వేల విద్యుత్ స్తంభాలు నేలకూలాయి. రోజుల తరబడి ఉద్దానం చీకటిలో ఉన్నది. డయాలిసిస్ మాత్రం తుఫాను తగ్గేదాకా ఆగదు. ట్యాంకులో పెట్రోలున్న బండి అప్పుడు మేలని ఎవరైనా అంటారు. కొంతవరకు నిజమే. అయితే బంకులో పెట్రోలు తోడే పంపుకు కూడా విద్యుత్తు కావలెను. ఇటు విద్యుత్ కారు లెక్క చూద్దాం. పలాసకు రానుపోను 60 కిలోమీటర్లనుకుంటే వారానికి 180 కిలోమీటర్లు, సుమారు 29 యూనిట్లు. నిండిన బ్యాటరీ ఒక వారం నిశ్చింతగా చాలుతుంది. రెండవ వారం పూర్తిగా గడవదు. ఖాళీ బ్యాటరీని 3 కిలోవాట్ల ఇంటి సాకెట్టునుంచి నింపడానికి 17 గంటలకు పైగా పడుతుంది. తుఫాను హెచ్చరిక సాధారణంగా రెండు రోజుల ముందే వస్తుంది కనుక వ్యవధి ఉన్నది. కాని హెచ్చరిక విన్న వెంటనే ప్లగ్గు పెట్టవలెను.

మిత్రులకు నా సమాధానం ఇది. ప్లగ్-ఇన్ సూత్రం వారి అవసరానికి నిజంగా చక్కగా సరిపోతుంది: రోజూ పలాసకు విద్యుత్తు, అప్పుడప్పుడు విశాఖకు పెట్రోలు. కాని వారు కొనగల ధరలో అటువంటి బండి నాకు కనబడలేదు. సొంత షెడ్డు, సరైన ఎర్తింగు ఉన్న సాకెట్టు ఉంటే విద్యుత్ కారు తీసుకోవచ్చు. ఆ సాకెట్టు లేకపోతే ప్లగ్గు అక్కరలేని హైబ్రిడ్ మేలు. “అయితే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలన్నమాట!” అన్నారు మిత్రులు. అవును, కార్ల దుకాణానికి పోవడం ఆ తర్వాత పని.

ఉపాధ్యాయులు ఇటువంటి పట్టికనొకదానిని తరగతికి తీసుకొని పోయి, ప్రతి అంకె ఎదుట “ఏ పరిస్థితిలో?” అని వ్రాయమని విద్యార్థులకు చెప్పవచ్చు. భౌతికశాస్త్రంలో అది మంచి పాఠమవుతుంది.