కారోబారు

మునుగోడు, కల్వకుర్తి వైపు పల్లెల్లో పంచాయతీ పని నడిచేది కారోబారు చేతుల మీదుగానే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నెలనెలా జరగాల్సిన సమావేశానికి ఇల్లిల్లూ తిరిగి వార్డు మెంబర్లకు నోటీసు అందించేది ఆయనే. ఇంటిపన్ను వసూలు, కాలిపోయిన వీధిబల్బు, ట్రాక్టరు డీజిలు అన్నీ ఆయనకు నోటిలెక్క.

అన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది నీళ్ల పంపకం. ఫ్లోరైడు ఎముకల్ని వంచేసిన నేల ఇది. మిషన్ భగీరథ నీళ్లు ఏ వాడకట్టుకు ఎంతసేపు వదలాలన్నది చిన్న నిర్ణయం కాదు. మిట్ట మీది నల్లాలకు ధార అందాలంటే పల్లపు వాల్వు ఎంత బిగించాలో ఆయన చేతికి తెలుసు. సెక్రటరీలు బదిలీ అవుతారు, సర్పంచులు మారతారు, ఊరి లెక్క ఆయన దగ్గరే ఉంటుంది. అలాంటి మనిషి జీతం నెల తప్పకుండా పడాలి.