రెండు కార్బురేటర్లు, ఒక చెవి

ఎంజీబీ స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తగానే మొదట చూపు పడేది ఇంజిన్ పక్కన బోర్లించిన చెంబుల్లా నిలబడ్డ రెండు అల్యూమినియం మూతల మీద. అవే గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు అందించే ఎస్‌యూ కార్బురేటర్లు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ ఫ్యాక్టరీలో ఈ కార్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. 1798 సీసీ ఇంజిన్, 95 హార్స్‌పవర్. ఇవాళ ఆ బలం సంసారపక్షపు చిన్న కారుకు కూడా ఉంది. అయినా ఈ కారున్నవాళ్ళు సెలవు రోజు పొద్దున్నే స్పానర్లు పట్టుకుని దాని ముందు నడుం వంచుతారు. వేగం కోసమైతే అంత శ్రమ దండగ. నాకు తోచిన కారణం వేరు. ఈ ఇంజిన్ తన బాగోగులు దాచుకోదు. విని సరిదిద్దే వీలును కూడా తయారుచేసినవాళ్ళే దానిలో ఉంచారు.

ముందు కార్బురేటర్ సంగతి చూద్దాం. దీన్ని రూపొందించిన జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్‌ది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. 1905 ప్రాంతంలో ఆయన చేసిన తొలి నమూనాలో గాలికి కదిలే తోలు తిత్తి ఉండేది. చెప్పుల కొట్టు వాళ్ళబ్బాయి తోలు కోసం ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు కదా! తర్వాత తోలు పోయి లోహపు పిస్టన్ వచ్చింది. స్కిన్నర్ అన్నదమ్ములు పెట్టిన కంపెనీ పేరు స్కిన్నర్ యూనియన్, పొడి అక్షరాల్లో ఎస్‌యూ. 1926లో మారిస్ కార్ల అధిపతి విలియం మారిస్ దాన్ని కొన్నాడు.

మామూలు కార్బురేటర్‌లో స్లో స్పీడుకు పెట్రోలు వదిలే ఒక జెట్టు, పరుగుకు ఇంకొకటి, యాక్సిలరేటర్ తొక్కగానే పెట్రోలు చిమ్మడానికి చిన్న పంపు, ఇలా తలా ఒక పని. ఎస్‌యూలో జెట్టు ఒక్కటే. దాని రంధ్రంలోకి పైనుంచి ఒక ఇత్తడి సూది దిగి ఉంటుంది. సూది పిస్టన్‌కు బిగించి ఉంటుంది. ఇంజిన్ ఎంత గాలి పీలిస్తే పిస్టన్ అంత పైకి లేస్తుంది, దాంతోపాటే సూదీ లేస్తుంది. సూది కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, పైకి లేచినకొద్దీ జెట్టులో ఖాళీ పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. గాలి దారి వెడల్పునూ పెట్రోలు దారి వెడల్పునూ ఒకే కదలిక నిర్ణయిస్తుంది. ఇంత పనిని ఇంత తక్కువ సామానుతో చేయించిన యంత్రభాగాలు నాకు తెలిసి తక్కువ.

ఆ సూదిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. దాదాపు అగ్గిపుల్లంత సన్నం. మొదటిచూపుకు తిన్నగా నునుపుగా ఉంటుంది. నిజానికి అది తిన్నని శంకువు కాదు. అంగుళంలో ఎనిమిదో వంతుకు ఒకచోట చొప్పున దాని మందం ఎంతుండాలో పట్టికలో రాసి ఉంటుంది. ఆ అంకె అంగుళంలో పదివేలో వంతు దాకా పోతుంది. ఏ ఇంజిన్‌కు ఏ సూది అన్నది పరీక్షలు చేసి తేల్చేవారు. పిస్టన్‌దీ అంతే నేర్పు. పైన మూతలో అది పైకీ కిందికీ ఆడుతుంది కానీ రింగులుండవు, గోడకు తగలదు, గాలీ పెద్దగా కారదు. అందుకే ఒక మూతను దాని పిస్టన్‌తోనే వాడాలి, రెండు కార్బురేటర్ల మధ్య తారుమారు చేయకూడదు. మూత మీది చిన్న బిరడా విప్పితే లోపల ఒక కడ్డీ, కాస్త పల్చటి ఇంజిన్ ఆయిలు. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పిస్టన్ ఎగిరిపడకుండా ఆయిలు దాన్ని ఒక క్షణం ఆపుతుంది. ఆ క్షణంలో గాలి ఇరుకు దారిన జోరుగా పోతూ పెట్రోలును ఎక్కువ లాక్కుంటుంది. పికప్ వచ్చేది అక్కడ. పంపు చేసే పనిని నాలుగు చుక్కల ఆయిలుతో సరిపెట్టారు!

ట్యూనింగ్ అనగానే చెయ్యి కార్బురేటర్ మీదికే పోతుంది. పాత మెకానిక్కులు మాత్రం ఆపుతారు. కార్బురేటర్ జబ్బులని తెచ్చిన వాటిలో చాలావరకు కరెంటు జబ్బులేనని వాళ్ళ అనుభవం. కాబట్టి ముందు టాపెట్లు, తర్వాత పాయింట్లు, తర్వాత టైమింగ్. కార్బురేటర్ వంతు ఆఖరున.

టాపెట్ సెట్టింగ్‌లో ఒక ముచ్చటైన లెక్క ఉంది. ఈ ఇంజిన్‌కు ఎనిమిది వాల్వులు. ఏ వాల్వు సర్దాలనుకుంటే దాని నంబరును తొమ్మిదిలోంచి తీసేయాలి. మిగిలిన నంబరు వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు మనం అనుకున్న వాల్వును సర్దుకోవాలి. ఎనిమిదోది తెరుచుకుంటే ఒకటోది, ఆరోది తెరుచుకుంటే మూడోది. పుస్తకం తెరవకుండా గుర్తుండిపోతుంది. ప్లగ్గులు విప్పేసి, కారును టాప్ గేర్‌లో పెట్టి మెల్లగా ముందుకు తోస్తే ఇంజిన్ కావలసినంత తిరుగుతుంది. చల్లటి ఇంజిన్‌కు వాల్వు దగ్గర ఉండాల్సిన ఖాళీ అంగుళంలో వెయ్యికి 15 వంతులు, మెకానిక్ భాషలో 15 థౌ. ఫీలర్ గేజి రేకు మరీ జారిపోకూడదు, ఇరుక్కుపోనూకూడదు, లాగితే సన్నగా పట్టి వదలాలి. ఆ పట్టు ఎంతన్నది వేళ్ళకు తెలియాల్సిందే. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాపు 14 నుంచి 16 థౌ, కాబట్టి అదే రేకు అక్కడా పనికొస్తుంది.

టైమింగ్‌కు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడుతుందో చూసుకోవడానికి, ఒక చిన్న బల్బు చాలు. పాయింట్లు విడిపోయిన క్షణాన అది వెలుగుతుంది. తొలి మోడళ్ళలో ఇంజిన్ పిస్టన్ పైకొసకు చేరడానికి 10 డిగ్రీల ముందు వెలగాలి. ఆ మోడళ్ళ డిస్ట్రిబ్యూటర్ పక్కన గరుకు అంచుల చిన్న నట్టు ఒకటి ఉంటుంది. తిప్పుతుంటే టిక్కు టిక్కుమంటుంది, చాలా టిక్కులైతే గాని ఒక డిగ్రీ మారదు. రోడ్డు పక్కన కారాపి, పనిముట్లు లేకుండా, వేళ్ళతోనే టైమింగ్ సవరించుకోవడానికి కారు కొన్నవాడికి పెట్టిచ్చిన ఏర్పాటిది. ఇవాళ ఏ కంపెనీ ఇలాంటి నట్టు పెట్టి కారు అమ్ముతుంది?

ఇక అసలు పని. ఇంజిన్ బాగా వేడెక్కాక ఎయిర్ ఫిల్టర్లు విప్పి, రెండు కార్బురేటర్లనూ కలిపే కడ్డీ క్లాంపులు వదులు చేయాలి. అప్పుడు దేనికది స్వతంత్రం. ఒక రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెడితే గాలి పీల్చే బుస వినిపిస్తుంది. అదే కొసను రెండోదాని నోట్లో అదే లోతున పెట్టి వినాలి. ఒకదాని బుస గట్టిగా, ఒకదానిది మెత్తగా ఉంటే స్లో స్పీడు స్క్రూలు కొద్దికొద్దిగా తిప్పుతూ రెండింటినీ ఒక్కటి చేయాలి. దీనికి మీటర్లున్నాయి. కానీ గొట్టంతో సరిచేశాక మీటరు పెడితే అది చెప్పే తేడా చాలాసార్లు పట్టించుకోవలసినంత ఉండదు.

తర్వాత మిక్చర్, అంటే గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళు. తొలి మోడళ్ళ కార్బురేటర్లలో జెట్టు కింద ఆరు పలకల నట్టు ఉంటుంది. దాన్ని కిందికి తిప్పితే జెట్టు దిగి మిక్చర్ రిచ్ అవుతుంది, అంటే పెట్రోలు ఎక్కువవుతుంది; పైకి తిప్పితే లీన్, అంటే పెట్రోలు తక్కువ. ఇక్కడ కొలత ఒక చుట్టు కాదు, ఒక పలక. కార్బురేటర్ పక్కనున్న చిన్న పిన్నును వేలితో నొక్కి పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు కూడా లేనంత పైకెత్తి వినాలి. ఇంజిన్ వేగం పుంజుకుని అలాగే ఉండిపోతే రిచ్. వెంటనే నీరసిస్తే లీన్. కొంచెం పుంజుకుని, మళ్ళీ మునుపటి వేగానికి వస్తే సరిగ్గా ఉన్నట్టు. సైలెన్సర్ దగ్గర నిలబడ్డా తెలుస్తుంది. లీన్‌గా ఉంటే లయ తప్పి అక్కడక్కడా తుంపుతున్నట్టు కొడుతుంది, పొగకు రంగుండదు. రిచ్‌గా ఉంటే మిస్ అవుతుంది కానీ లెక్కగా, తాళం వేసినట్టు మిస్ అవుతుంది, పొగ నల్లబారుతుంది. రెండో కార్బురేటర్‌కూ ఇదే తంతు. రెండోది సరిచేసేసరికి మొదటిది కాస్త మారి ఉంటుంది. మళ్ళీ మొదటిదానికి రావాలి. ఓపిక లేనివాడు మానుకునేది ఈ దగ్గరే.

ఆ అటూ ఇటూ తిరుగుళ్ళలో ఒక పలక దగ్గర ఇంజిన్ గొంతు మారిపోతుంది. అంతవరకూ వణుకుతున్న గేరు లివర్ నిమ్మళిస్తుంది. టాపెట్ల చప్పుడు ఒక్క తీరుగా, మెత్తగా వినిపిస్తుంది. ఈ సంతోషం దేనివల్ల? కారు వేగం పెరగలేదు, కొత్త సామాను ఏదీ వేయలేదు. అబింగ్డన్‌లో ఎవరో ఒకప్పుడు సరిగ్గా కుదిర్చినదాన్ని మన చెయ్యి మళ్ళీ కుదిర్చింది. కంప్యూటర్ ఇంజెక్షన్ ఈ పని సెకనుకు ఎన్నోసార్లు, మనకన్నా ఎంతో కచ్చితంగా చేస్తుంది. పొగ విషయంలో, మైలేజీ విషయంలో పాత కార్బురేటర్ దానికి సాటిరాదు, వస్తుందని వాదించేవాళ్ళతో నాకు పేచీ. కానీ అక్కడ మనకు పని లేదు. ఇక్కడ పని ఉంది, పని సరిగ్గా చేశామో లేదో మరుక్షణంలో ఇంజినే చెబుతుంది.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండు సంగతి అనుకోనక్కర్లేదు. ఎంజీబీ ఇంజిన్‌కు మన అంబాసిడర్ పాత 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ సొంత అన్న. రెండూ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ తయారుచేసిన బీ సిరీస్ ఇంజిన్ల కుటుంబమే. ఫైరింగ్ ఆర్డర్ ఒకటే, 1-3-4-2. తొమ్మిది లెక్క దానికీ వర్తిస్తుంది. చాలా అంబాసిడర్లకు ఉండేది కూడా ఎస్‌యూ కార్బురేటరే, కాకపోతే ఒక్కటి. అంటే రెంటినీ సమం చేసే బాధ లేదు, నేర్చుకునేవాడికి అదే నయం.

ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. ఇప్పుడు మన బంకుల్లో దొరుకుతున్న ఈ20 పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి పాత సెట్టింగ్ మీద మిక్చర్ లీన్ అవుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. పాత రబ్బరు పైపులనూ అది తినేస్తుంది. అందుకే షెడ్డులో తాతగారి అంబాసిడర్ ఉన్నవాళ్ళు ముందు పెట్రోలు పైపులు కొత్తవి వేయించండి. తర్వాత ఒక రోజు నడిపి ప్లగ్గులు విప్పి చూడండి. మసి పట్టి నల్లగా ఉంటే రిచ్, సున్నంలా తెల్లగా ఉంటే లీన్, బిస్కెట్ రంగులో ఉంటే ముట్టుకోకండి. తెల్లగా ఉంటే జెట్టు కింది నట్టును ఒక్క పలక కిందికి తిప్పి, మళ్ళీ నడిపి చూడండి. రెండు పలకలు ఒకేసారి వద్దు.