వైకల్యమును కొలుచు విధము

వికలాంగుల హక్కులను గూర్చి 2016లో మన దేశమున ఒక చట్టము పుట్టి, 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములనే గుర్తింపగా, ఇది 21 విధములను గుర్తించినది. ప్రభుత్వోద్యోగములలో 3 శాతముగా నున్న రిజర్వేషనును 4 శాతమునకు పెంచినది. ఇవన్నియు కొనియాడదగినవే. కాని ఆ చట్టమునకు ప్రాణము ఈ లెక్కలు కాదు, అందలి నిర్వచనము. దీర్ఘకాలపు లోపముగల మనుష్యుడు అడ్డంకుల నెదుర్కొనునపుడు, ఇతరులతో సమానముగా సంఘములో పాల్గొనలేకపోవుటయే వైకల్యమని దాని భావము. అనగా వైకల్యము సగము దేహమునందున్నది, సగము దారియందున్నది.

ఇంత మంచిమాట పలికిన చట్టమే, ఆచరణకు వచ్చుసరికి ఆ రెండవ సగమును మరచినది. ధ్రువపత్రమునకై పోయినవానిని వైద్యులు పరీక్షించి, వైకల్యము నూటికింత యని వ్రాసి యిత్తురు. ఆ లెక్క 40కి చేరెనా, పెక్కు సహాయములకు తలుపు తెరచుకొనును. 39 దగ్గర ఆగెనా, మూసికొనును. దేహమును కొలుచుటకు వైద్యమండలి యున్నది. అడ్డంకిని కొలుచుటకు ఏ మండలి యున్నది? ఇదియే మా విమర్శ.

హైదరాబాదునకు తూర్పుననున్న నాచారము, ఉప్పల్ ప్రాంతములను ఉదాహరణముగా గైకొందము. నాచారము కర్మాగారముల పేట. అచ్చట కార్మికులకై ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నది. 1948 నాటి కార్మిక రాజ్యబీమా చట్టము ప్రకారము, పనిలో చేయో వ్రేలో పోగొట్టుకొన్న బీమాదారునికి సంపాదనశక్తి నూటికెంత తగ్గినదో వైద్యమండలి నిర్ణయించును. ఆ మేరకు అతనికి జీవితాంతము పైకము ముట్టును. అచ్చట 40 అను గడప లేదు. ఆ మనుష్యుడే 2016 నాటి చట్టము గుమ్మము నెక్కబోయినచో, లెక్క చాలదని వెనుదిరుగవలసి రావచ్చును. చేయి యొక్కటే, కొలతలు రెండు. అయినను రెండింటియందును లోపించినది ఒక్కటే: అతడు పనికి పోవు దారి.

ఇక ఉప్పల్ కూడలి. 2017 నవంబరులో నాగోలునుండి మెట్రో రైలు నడువనారంభించినది. ఉప్పల్ స్టేషనులో లిఫ్టులున్నవి. 2023 జూనులో ఆ కూడలిపై సుమారు 25 కోట్ల రూపాయల వ్యయముతో పాదచారుల స్కైవాక్ తెరచిరి, దానికిని లిఫ్టులమర్చిరి. చక్రాల కుర్చీలోనివాడు బండ్ల నడుమ చిక్కుకొనక రైలు నందుకొనుటకు వీలు కలిగించిన ఈ పనిని మేము మనసార అభినందించుచున్నాము. కాని నాచారమునకు మెట్రో స్టేషను లేదు. అచ్చటివారు హబ్సిగూడకో, ఉప్పలుకో చేరిన పిమ్మట గదా లిఫ్టు! ఆ నడిమి దారిలో కాలిబాట విరిగినచోట, దుకాణపు మెట్టు బాటమీదికి వచ్చినచోట, మోటారుబండి అడ్డముగా నిలిపినచోట కుర్చీ ఆగిపోవును. చెరువు నిండియున్నను కాలువ నడుమ తెగినచో మడికి నీరందదు.

తెలంగాణలో 2014లో 1500 రూపాయలతో మొదలైన వికలాంగుల పింఛను 2019లో 3016కును, 2023లో 4016కును పెరిగినది. పేదయింట అది అన్నపుముద్ద. దానిని మేము చులకన చేయము. కాని పింఛను ఇంట నున్నవానికి అన్నము పెట్టునే గాని, వానిని గడప దాటింపదు. బస్సుపాసు రాయితీ టిక్కెట్టు ధరను తగ్గించునే గాని, బస్సుమెట్టు ఎత్తును తగ్గింపదు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి సూచించిన ‘దివ్యాంగ’ నామము గౌరవముగానే యుండవచ్చును. పేరు మారినంత మాత్రమున మెట్టు కరగదు.

అడ్డంకిని కొలుచుట సాధ్యమాయని కొందరు శంకింతురు. నగరము వెలుపల శామీర్‌పేటలోనున్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, సుప్రీంకోర్టు కోరికపై, ఈ అడ్డంకులనే పరిశీలించి నివేదిక సమర్పించిరి. 2024 నవంబరు 8న ఆ న్యాయస్థానము తీర్పు చెప్పుచు, 2017 నాటి నియమములలో 15వది ఈ సౌకర్యములను కేవలము సలహాలుగా దిగజార్చినదనియు, అది మూలచట్టమునకే విరుద్ధమనియు నిర్ణయించినది. తప్పనిసరిగా పాటింపవలసిన ప్రమాణములను మూడు నెలలలో ఏర్పరుపుమని ఆజ్ఞాపించినది. సలహా వేరు, విధి వేరు. సలహాను వినకున్న నడుగువారుండరు. విధిని మీరినవారిని నిలదీయవచ్చును.

కావున పురపాలకులను మేము కోరునది ఒక్కటే. మనుష్యుని నూటికింత యని కొలిచిన ఓపికతోనే, వానియింటినుండి ఆసుపత్రికి, బడికి, పనికి పోవు దారిని వార్డు వార్డున కొలిచి, ఎన్ని మెట్లు, ఎంత ఎత్తు, ఎచ్చట బాట తెగినదో వ్రాసి, ఆ లెక్కను ప్రజలయెదుట నుంచవలెను. పాఠకులకును మా మనవి కలదు. వీధిమీదికి జరిపిన మన యింటి మెట్టు కూడ ఆ లెక్కలోనిదే. దానిని వెనుకకు తీయుటకు ఏ తీర్పుకొరకును, ఏ నిధులకొరకును వేచియుండ నక్కరలేదు.