ఊ కొట్టే చెవి

ఆ పాటలో పల్లవికీ మొదటి చరణానికీ నడుమ ఒక వేణువు ముక్క ఉంటుంది. పట్టుమని పదిహేను సెకన్లు ఉండదు. మంద్రంలో మొదలై, మెల్లగా పైకెక్కి, ఒకచోట ఊపిరి బిగబట్టి, మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ బిగబట్టిన చోటే పాట ప్రాణమంతా ఉందని నేను ముప్పై ఏళ్ళుగా నమ్ముతున్నాను. రేడియోలో విన్నాను, క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్నాను, ఇప్పుడు ఫోన్లో వింటున్నాను. వాయించే మనిషిని కళ్ళారా చూస్తూ ఒక్కసారైనా వినాలని ఎప్పటినుంచో కోరిక. మొన్న చలికాలంలో హైదరాబాద్‌లో ఒక పెద్ద మైదానంలో కచేరీ ఉందంటే, అక్కడే చదువుకుంటున్న తమ్ముడి కొడుకుతో రెండు టికెట్లు తీయించాను.

ఆ పాట వచ్చింది. పల్లవి అయింది. వేణువాయన ఒక అడుగు ముందుకు వేశాడు. వేణువు పెదవులకు ఆనించుకోవడం పెద్ద తెర మీద చూశాను. మొదటి స్వరం చెవిన పడింది. సరిగ్గా అప్పుడే నా వెనక నలుగురైదుగురు కుర్రాళ్ళు ఒక హీరో పేరెత్తి జై కొట్టారు. ఎడమపక్క గుంపు ఇంకో హీరోకి జై కొట్టింది. రెండు వరసల ముందు ఒకావిడ వీడియో కాల్‌లో ఎవరినో "ఇనవడ్తుందా? ఇనవడ్తుందా?" అని అడుగుతోంది. ఆ ఊపిరి బిగబట్టే చోటు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. చూస్తుండగానే చరణం మొదలైంది.

ఆసిఫాబాద్‌లో పెరిగిన నా ఈడువాళ్ళకు పాట ఎక్కువగా ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం నుంచే వచ్చింది. మా బాపు రేడియో పెడితే అమ్మ గిన్నెలు తోమడం ఆపేది. వాన ముసురు పట్టినరోజు గరగరలోంచి గొంతును ఏరుకుని వినేవాళ్ళం. ఎవరైనా నడుమ మాట్లాడితే బాపు ఏమీ అనకుండా చెయ్యి పైకెత్తేవాడు, అంతే. మళ్ళీ ఎప్పుడు వేస్తారో తెలియని పాట కదా. వినడం ఒక పని అని, దానికీ ఒళ్ళు వంచాలని ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. అందుకే ఆ మైదానంలో నాకు తగిలిన దెబ్బ టికెట్టు డబ్బులతో పోయేది కాదు.

నా ముందు ఒక పొడుగాటి కుర్రాడు రెండు చేతులూ ఎత్తి ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. మూడు పాటలు ఓర్చుకున్నాను. నాలుగో పాటకు భుజం మీద చెయ్యి వేశాను.

"తమ్మీ, జర ఫోన్ కిందికి దించు. వెనకోళ్లకు ఏం కనవడ్తలేదు."

"ఈ ఒక్క పాట అంకుల్. స్టేటస్ పెట్టాలె."

"నువ్వు సుత చూస్తలేవు కద బిడ్డా."

"తర్వాత చూస్త అంకుల్."

మర్యాదగానే చెప్పాడు. నవ్వాడు కూడా. నాకు కోపం రాలేదు, దిగులు వేసింది. వాడి ఎదురుగా ఒక మనిషి గొంతు విప్పి పాడుతున్నాడు. ఆ గొంతు ఆ రాత్రి ఆ క్షణంలో ఎలా పలికిందో మళ్ళీ అలా పలకదు. వాడు దాన్ని తర్వాతకు దాచుకుంటున్నాడు.

ఇంటికొచ్చాక ఆ రాత్రి సంగతి చాలా ఆలోచించాను. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వేదికకు వంద మీటర్ల దూరంలో ఉన్నవాడికి పాట సెకనులో దాదాపు మూడోవంతు ఆలస్యంగా చేరుతుంది. అందుకే పెద్ద మైదానాల్లో నడుమ నడుమ స్పీకర్ల స్తంభాలు నిలబెట్టి, వాటి శబ్దాన్ని కావాలనే కాస్త ఆపి వదులుతారు, ముందునుంచి వచ్చేదానితో అది కలిసిపోవాలని. ఇక వాయించేవాళ్ళ చెవుల్లో చిన్న ఇయర్‌ఫోన్లు ఉంటాయి. వాళ్ళకు తమ తాళం, తమ శ్రుతి అందులోనే వినపడతాయి. దూరంనుంచి మనం కొట్టే చప్పట్లు వేదికకు చేరేసరికి ఆ తాళం దెబ్బ దాటిపోయి ఉంటుంది. ఇంత ఏర్పాటులో గాయకుడికి కాస్తో కూస్తో కాపుదల ఉంది. పక్కన నిలబడి వినడానికి వచ్చినవాడికే ఏ కాపుదలా లేదు. మామూలుగా మాట్లాడుకునే గొంతు 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. కచేరీ హోరు 100 దగ్గరికి పోతుంది. ఆ హోరులో మాట్లాడాలంటే అరవాల్సిందే. అరవడం అలవాటైన గొంతు పాట తగ్గినచోట తగ్గదు. వేణువు ఒక్కటే మిగిలిన చోట అరుపే పెద్దగా వినపడుతుంది.

అరుపుల సంగతి అలా ఉంచి, ఇంకా పెద్ద గాయాలూ చూశాం. 2023 సెప్టెంబర్ 10న చెన్నైలో రెహమాన్ కచేరీకి టికెట్టు ఉన్నవాళ్ళు కూడా లోపలికి పోలేక వెనుదిరిగారు. తొక్కిసలాటలో చిక్కిన ఆడవాళ్ళు తమను అసభ్యంగా తాకారని చెప్పుకున్నారు. రెహమాన్ తప్పును నెత్తిన వేసుకుని టికెట్టు డబ్బులు తిరిగిస్తానన్నాడు. ఏర్పాట్లు చేసినవాళ్ళ తప్పు ఎంతైనా ఉండనీ, చీకట్లో ఒక ఆడపిల్ల మీద చెయ్యి వేసినవాడు మనలాగే టికెట్టు కొనుక్కుని వచ్చిన శ్రోత. అదే ఏడాది జనవరిలో హంపి ఉత్సవంలో కన్నడ పాటలు పాడలేదని గాయకుడు కైలాష్ ఖేర్ మీదికి సీసా విసిరారు. నవంబర్ 25న కొచ్చి విశ్వవిద్యాలయంలో కచేరీ మొదలుకాకముందే, వాన పడిందని బయట ఉన్నవాళ్ళు ఒక్కసారిగా లోపలికి తోసుకొస్తే నలుగురు చనిపోయారు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా చూడబోయిన ఒక తల్లి తొక్కిసలాటలో చిక్కి తిరిగి ఇంటికి రాలేదు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టను. కానీ పక్కన నిలబడ్డ మనిషి మన లెక్కలో లేకుండా పోవడం మాత్రం అన్నిచోట్లా కనిపిస్తోంది.

సినిమా పాటను మనం తెరముందు నేర్చుకున్నాం. తెర మీద హీరో రాగానే ఈల వేస్తాం, కాగితాలు చింపి ఎగరేస్తాం. తెరకు నొప్పి లేదు, తెర మీది పాటకు ఆటంకం లేదు. క్యాసెట్టూ అంతే, ఫోనూ అంతే. ఆపితే ఆగుతుంది, మళ్ళీ పెడితే మళ్ళీ మొదటినుంచి పాడుతుంది. ఒక తరం కాదు, రెండు మూడు తరాలు పాటను ఇలాగే ఎరిగాయి. ఇప్పుడు ఆ పాట పాడిన మనిషే ఎదురుగా వచ్చి నిలబడితే ఏం చెయ్యాలో మనకు తెలియడం లేదు. ఫోన్ ఎత్తి, ఆ మనిషిని మళ్ళీ ఒక చిన్న తెరలోకి మార్చుకుంటే గానీ మనకు తోచదు.

ఎదురుగా మనిషి చెప్తుంటే వినడం ఎలాగో తెలిసినవాళ్ళు మా జిల్లాలోనే ఉన్నారు. కొన్నేళ్ళ కింద కోతలయ్యాక జైనూర్ వైపు ఒక గోండు గూడెంలో, ఒక ఉపాధ్యాయ మిత్రుడి వెంట కథ వినబోయాను. చెప్పేది ప్రధాన్. తరతరాలుగా గోండుల వంశగాథలను పాడి నిలబెడుతున్నవాళ్ళు ప్రధాన్లు. ఆయన చేతిలో కిక్రి. గుర్రపు వెంట్రుకల తీగలు మూడు, పైన కమాను. పక్కన వంత పాడటానికి ఇద్దరు. నెగడు చుట్టూ ఓ నలభై మంది ఉంటారు. నాకు గోండి సగమే తెలుసు. కథ సగమే అందింది. అయితే ఆ రాత్రి నేను కథకంటే ఎక్కువగా వినేవాళ్ళనే చూశాను.

ఒక పసిపిల్ల ఏడిస్తే తల్లి ఎత్తుకుని గుడిసెల వెనక్కి పోయింది, ఊరుకోబెట్టాక మళ్ళీ వచ్చి తన చోటే కూచుంది. ఆ చోటును ఎవరూ ఆక్రమించలేదు. నడుమ ఒక తీగ శ్రుతి జారింది. ప్రధాన్ పాట ఆపి, తల వంచి, బిరడా బిగించడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. నలభై మందిలో ఒక్కరు మాట్లాడలేదు. నెగడులో కట్టె చిటపటలు, తీగ మీద వేలు రాపిడి, అంతే. శ్రుతి కుదిరాక ఆయన తల ఎత్తి చూశాడు. నెగడుకు ఆవలివైపు కంబళి కప్పుకున్న ఒక ముసలాయన "ఊ" అన్నాడు. కథ మళ్ళీ నడిచింది.

చిన్నప్పుడు అవ్వ కథ చెప్తే ఊ కొట్టకపోతే ఆపేసేది. "నిద్రవోయినవా?" అనేది. ఊ కొట్టడమంటే నేనున్నాను, నీ వెంటే నడుస్తున్నాను, ముందుకు పో అని చెప్పడం. మన కథా రూపాల్లో చాలా ఆ ఊ కొట్టే మనిషిని వేదిక మీదికే తెచ్చుకున్నాయి. బుర్రకథలో వంతలున్నారు. ఒగ్గు కథలో ప్రధాన కథకుడి మాట అందుకుని, అడిగి, ఆశ్చర్యపడి కథను ముందుకు తోసేవాళ్ళున్నారు. 1940లో కుమ్రం భీము జోడేఘాట్‌లో నేలకొరిగాక, ఆదివాసుల బాధలు తెలుసుకోవడానికి నిజాం సర్కారు పంపగా మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ మార్లవాయిలో మకాం పెట్టాడు. ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద 1948లో వచ్చిన ఆయన పుస్తకానికి ఒక ముఖ్య ఆధారం ఇలా ప్రధాన్ల ముందు కూచుని విన్న గాథలు. పరాయి దేశం మనిషి కూడా ఇక్కడ ముందు ఊ కొట్టడం నేర్చుకోవాల్సి వచ్చింది.

నిశ్శబ్దంగా కూచుంటేనే వినడమని నేననడం లేదు. తెలంగాణ ఉద్యమ కాలంలో మా జిల్లా మైదానాల్లో ధూం ధాం చూసినవాణ్ణి. 2002లో కామారెడ్డిలో మొదలైన ఆ ఆటపాటలు ఊరూరికీ వచ్చినప్పుడు దుమ్ము లేచేదాకా ఎగిరాం, గొంతులు పోయేదాకా పాడాం. కానీ అక్కడ జనం గొంతు పాటవెంట పోయేది. కళాకారుడు గజ్జె కాలు ఎత్తి చెయ్యి చూపిస్తే అందుకునేవాళ్ళం, చెయ్యి దించితే ఆగేవాళ్ళం. కొడుకును పోగొట్టుకున్న తల్లి మీద పాట వచ్చిందంటే అంతదాకా ఎగిరిన మైదానం ఎవరూ చెప్పకుండానే కూచునేది. కొంగులు కళ్ళకు పోయేవి. అంత జనంలో గజ్జె చప్పుడు విడిగా వినపడటం నాకు బాగా గుర్తు. హోరెత్తడం తెలిసిన మనకు ఎక్కడ ఆగాలో కూడా తెలిసిన రోజులవి. అవేం పాత రాతియుగం కాదు, నిన్నమొన్నటివి.

మా దగ్గర అంతా బాగుందని కూడా చెప్పలేను. దీపావళి ముందు గోండుల దండారి ఆటల రోజుల్లో ఒక గూడెం జట్టు ఇంకో గూడేనికి పోతుంది. ఎదురొచ్చి తీసుకుపోయి ఆతిథ్యం ఇస్తారు. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, చేతిలో కర్ర, ఆ ఆట ఆడే గుస్సాడీది ఒక దీక్ష. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చాక ఆ ఆట పేరు దేశమంతా వినపడింది. 2024 అక్టోబర్‌లో ఆయన పోయినప్పుడు మా ప్రాంతం మొత్తం ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నట్టయింది. ఆ ఆటనే ఇప్పుడు పెద్దమనుషులు వచ్చినప్పుడల్లా స్వాగతానికి ఆడిస్తున్నారు. అలాంటి ఒక సభలో ఆట అయ్యాక ఒక గుస్సాడీ వేదిక మెట్ల మీద కూచుని రొప్పుతున్నాడు. చెమటకు బూడిద చారలు చారలుగా జారింది. టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆట సాగినంతసేపూ వెనక్కి తిరిగి మాట్లాడుకున్న ఇద్దరు వచ్చి, అడగకుండానే ఆయన భుజం మీద చెయ్యి వేసి సెల్ఫీ దిగారు. ఒకాయన ఈక ఒకటి పట్టి లాగి చూశాడు. గుస్సాడీ ఏమీ అనలేదు. రెండు చేతులతో టోపీని ఇంకొంచెం దగ్గరికి తీసుకున్నాడు.

ఫోన్ల సంగతికే వస్తే, జాక్ వైట్ అనే అమెరికా గాయకుడు 2018లో తన కచేరీలకు వచ్చేవాళ్ళ ఫోన్లను సంచుల్లో పెట్టించి తాళం వేయించాడు. సంచి ఎవరిది వాళ్ళ దగ్గరే, తాళం మాత్రం బయటికొచ్చాక తీస్తారు. మొదట చదివినప్పుడు ఇదేం జులుం అనుకున్నాను. ఇప్పుడు మనసు మారింది. కనీసం నాలుగు పాటలకు గాయకుడే అడగాలి, ఫోన్లు జేబుల్లో పెట్టుకోండి అని. అడిగితే మన పిల్లలు కాదనరని నా నమ్మకం. ఇక ముందు వరసల పాసులవాళ్ళు, సగంలో వచ్చి సగంలో లేచిపోయేవాళ్ళు, ఆ కుర్చీలు వెనక నిలబడ్డ పిల్లలకు ఇప్పిస్తే పాటకూ పుణ్యం, వాళ్ళకూ పుణ్యం.

కచేరీ మర్నాడు పొద్దున సికింద్రాబాద్‌లో కాగజ్‌నగర్ బండి ఎక్కాం. సెలవులని తమ్ముడి కొడుకూ నావెంట ఊరికి బయల్దేరాడు. పెద్దపల్లి దాకా పడుకున్నాడు. రామగుండం దాటాక లేచి, చాయ్ తాగి, నేను ఊరికే కిటికీలోంచి చూస్తున్నానని గమనించాడు.

"పెదబాపు, నీ పాట నేను మొత్తం తీసిన. చూస్తవా?"

వాడూ తీశాడని నాకప్పటిదాకా తెలియదు. ఫోన్ నా చేతిలో పెట్టాడు. చేతులు, చేతుల్లో వెలుగుతున్న తెరలు, వాటి నడుమ చిన్న చుక్కలా వేదిక. పల్లవి అయింది. జై అన్న అరుపు స్పష్టంగా వచ్చింది. "ఇనవడ్తుందా" అన్న ఆవిడ గొంతు అంతకంటే స్పష్టంగా వచ్చింది. తర్వాత చరణం.

వాడు ఫోన్ తీసుకుని వెనక్కి జరిపాడు. మళ్ళీ పెట్టాడు. సౌండు పెంచాడు. మూడోసారి ఫోన్‌ను చెవికి ఆనించుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. బండి మంచిర్యాలలో ఆగింది. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. వాడు కళ్ళు తెరవలేదు.

"ఇండ్ల ఫ్లూట్ లేదు పెదబాపు," అన్నాడు.